కుక్కకు కూడా పథ్యం ఉంది: ఆహారం, అలర్జీల గురించి కొత్త యజమానులకు సమగ్ర మార్గదర్శి

చెన్నైలోని తెలుగు ఇళ్లలో కుక్కకు ఏం పెడుతున్నారని అడిగితే మొదట వచ్చే జవాబు పెరుగన్నం. ఎండ నగరం కాబట్టి చలవ చేస్తుందనీ, మెత్తగా ఉంటుంది కాబట్టి అరుగుతుందనీ అందరి నమ్మకం. మా ఇంట్లోనూ అలాగే మొదలైంది. వేళచ్చేరిలో మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఒక వానాకాలంలో దొరికిన నాలుగు నెలల పిల్లకు, దాని రంగును చూసి, మా అమ్మ బెల్లం అని పేరు పెట్టింది. మూడు నెలలు తిరగకముందే బెల్లం పాదాలు నాక్కోవడం, చెవులు గోక్కోవడం మొదలుపెట్టింది. ఆ తరువాత నాలుగు నెలల్లో నేను మూడు కంపెనీల డ్రై ఫుడ్ మార్చాను. మూడింటిలోనూ ప్రధాన పదార్థం కోడిమాంసమే అన్న సంగతి నాలుగో ప్యాకెట్ కొనబోతూ లేబుల్ చదివినప్పుడు గాని గమనించలేదు. తరువాత తెలిసింది, అసలు దోషి కోడి కూడా కాదని. దురద కనిపించగానే ఆహారం మార్చేయడం కొత్త యజమానులు చేసే అతి సాధారణమైన పొరపాటు. ముందు ఆహారాన్ని నిలకడగా ఉంచి, లెక్క రాసుకుని, మిగిలిన కారణాలను తోసిపుచ్చిన తరువాతే ఆహారం మీద అనుమానం పెట్టాలి. ఈ వ్యాసం ఆ వరుసలోనే నడుస్తుంది.

మొదటి మెట్టు: మొదటి రెండు వారాలు

కుక్కను ఎక్కడి నుంచి తెచ్చినా, అక్కడ అది ఏం తింటున్నదో అడిగి, కొన్ని రోజులు అదే కొనసాగించండి. కొత్త ఇల్లు, కొత్త మనుషులు, కొత్త నీళ్లు అన్నీ ఒకేసారి వచ్చినప్పుడు ఆహారం కూడా మారితే, విరేచనాలు పట్టుకున్నప్పుడు కారణం ఏదో ఎవరూ చెప్పలేరు. మార్చవలసి వస్తే ఏడు నుంచి పది రోజులు తీసుకోండి. మొదటి రెండు మూడు రోజులు పాత ఆహారం మూడు వంతులు, కొత్తది ఒక వంతు. తరువాత సగం సగం. ఆపైన కొత్తది మూడు వంతులు. చివరికి మొత్తం కొత్తది.

ఈ రెండు వారాల్లోనే పశువైద్యులకు ఒకసారి చూపించి, టీకాలూ నులిపురుగుల మందూ ఏ వరుసలో ఇవ్వాలో రాయించుకోవాలి. పిల్లలకు నాలుగు నెలల వయసు వచ్చేదాకా రోజుకు నాలుగు పూటలు, ఆరు నెలల దాకా మూడు పూటలు, ఆ తరువాత రెండు పూటలు సరిపోతాయి. గిన్నెను రోజంతా నింపి ఉంచే పద్ధతి చెన్నై ఉక్కలో అసలు పనికిరాదు. వండిన అన్నం మధ్యాహ్నానికే పులుస్తుంది. పైగా కుక్క ఎంత తిన్నదో, ఎప్పుడు మానేసిందో మీకు తెలియకుండా పోతుంది.

ఒక చిన్న నోటుపుస్తకం తెరవండి. తేదీ, ఏం పెట్టారు, ఎంత పెట్టారు, మలం ఎలా ఉంది, గోకుడు పదికి ఎంత అన్న నాలుగైదు గళ్లు చాలు. ఇది చాదస్తంగా అనిపించవచ్చు. కానీ ఆరు నెలల తరువాత డాక్టరు ముందు కూర్చున్నప్పుడు మీ దగ్గర ఉండే ఒకే ఒక్క సాక్ష్యం అదే.

రెండో మెట్టు: ఎంత పెట్టాలి

ప్యాకెట్ వెనక ఉండే పట్టిక ఒక అంచనా మాత్రమే. పశువైద్యంలో వాడే లెక్క ఫోన్‌లోని క్యాలిక్యులేటర్ మీదే చేయవచ్చు. కుక్క బరువును కిలోల్లో తీసుకుని, ఆ అంకెను మూడుసార్లు వేసి ఒకదానితో ఒకటి గుణించి, దానికి వర్గమూలం, ఆ వచ్చినదానికి మరోసారి వర్గమూలం తీసి, 70తో గుణించాలి. అది కదలకుండా పడుకున్న కుక్కకు రోజుకు కావలసిన శక్తి. ఉదాహరణకు 12 కిలోల కుక్కకు 12×12×12 అంటే 1728. రెండుసార్లు వర్గమూలం తీస్తే దాదాపు 6.45; 70తో గుణిస్తే సుమారు 450 కేలరీలు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన పెద్ద కుక్కకు దీన్ని 1.6తో, ఆపరేషన్ కానిదానికి 1.8తో, నాలుగు నెలల్లోపు పిల్లకు 3తో, అక్కడి నుంచి పెరుగుదల పూర్తయ్యేదాకా దాదాపు 2తో గుణిస్తారు. ఆపరేషన్ అయిన మన 12 కిలోల కుక్కకు 720 కేలరీలు వస్తాయి. వంద గ్రాములకు 360 కేలరీలు ఉన్న డ్రై ఫుడ్ అయితే అది 200 గ్రాములు. గ్లాసుతోనో గుప్పెడుతోనో కొలవకుండా వంటింటి త్రాసు వాడండి.

చిరుతిళ్లు రోజువారీ కేలరీల్లో పదో వంతు మించకూడదు. మన లెక్కలో అది 72 కేలరీలు. ఒక్క మేరీ బిస్కెట్టులో దాదాపు 25 కేలరీలు ఉంటాయి కాబట్టి మూడో బిస్కెట్టుతోనే హద్దు దాటుతుంది. వాచ్‌మన్ రెండు, పక్కింటి మామి ఒకటి, పిల్లలు రెండు పెట్టే అపార్ట్‌మెంట్లలో కుక్కలు ఎందుకు లావెక్కుతాయో వేరే చెప్పనక్కరలేదు.

ఏ లెక్క అయినా చివరికి తేలేది కుక్క ఒంటి మీదే. అరచేతులు పక్కటెముకల మీద ఆనించి మెల్లగా నిమిరితే ఎముకలు నొక్కకుండానే తగలాలి, కంటికి మాత్రం పొడుచుకుని కనబడకూడదు. పైనుంచి చూస్తే నడుము సన్నబడాలి. రెండు వారాలకోసారి ఇలా చూసి, కొలతను పదో వంతు అటూ ఇటూ మార్చుకోవాలి.

మూడో మెట్టు: ప్యాకెట్టా, ఇంటి వంటా

ఈ వాదన ప్రతి పార్కులోనూ జరుగుతుంది. నా అభిప్రాయం ఇది: పెరిగే పిల్లకు, ముఖ్యంగా పెద్ద జాతి పిల్లకు, మంచి ప్యాకెట్ ఆహారమే క్షేమం. పెద్ద కుక్కకు ఇంటి వంట చేయవచ్చు గాని, అది అన్నం, ఉడికించిన చికెన్ కలిపినంత సులభం కాదు. ఆ రెండింటిలోనూ కాల్షియం చాలా తక్కువ, ఫాస్ఫరస్ మాత్రం ఎక్కువ. ఆ అసమానత నెలల తరబడి సాగితే పిల్లల ఎముకలు మెత్తబడి వంగిపోతాయి. జింకు, అయొడిన్, విటమిన్ డి, విటమిన్ ఇ కూడా లోటు పడతాయి. అలాగని మందుల షాపులో కాల్షియం సిరప్ కొని లెక్క లేకుండా పోయకూడదు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ వంటి పెద్ద జాతుల పిల్లలకు అదనపు కాల్షియం కీళ్ల పెరుగుదలను చెడగొడుతుంది. ఇంట్లోనే వండాలని నిశ్చయించుకుంటే, మీ కుక్క బరువుకు, వయసుకు సరిపడా ఒక వంటపట్టీని పశుపోషణ తెలిసిన వైద్యుల చేత రాయించుకుని, అందులో ఉన్న సప్లిమెంటుతో సహా అలాగే పాటించాలి. చవకగా వస్తుందని రోజూ లివర్ వండేవారు విటమిన్ ఎ అతిగా చేరుతుందని గుర్తుంచుకోవాలి.

శాకాహారుల ఇళ్లలో మరో ప్రశ్న వస్తుంది. కుక్క పిల్లిలా మాంసం మీదే బతికే జంతువు కాదు. పిండిపదార్థాన్ని బాగానే అరిగించుకుంటుంది. అందుచేత పెద్ద కుక్కను సరిగ్గా సమతూకం చేసిన శాకాహారం మీద పెంచడం సాధ్యమే. కానీ పప్పన్నం, పెరుగన్నం సమతూకమైన ఆహారం కావు.

ప్యాకెట్ కొనేటప్పుడు ముందువైపు బొమ్మలను కాక వెనకవైపు అక్షరాలను చదవండి. అది సంపూర్ణ ఆహారమా, లేక పైన వేసే రుచి మాత్రమేనా, పిల్లలకా, పెద్దవాటికా, కేలరీలు ఎన్ని, మాంసకృత్తులు ఏ జంతువువి అన్నవి చూడాలి. పెద్ద సంచి విప్పి కిలోల లెక్కన అమ్మే లూజు ఆహారం ఎంత చవకైనా వద్దు. గాలి తగిలితే కొవ్వు ముక్కిపోతుంది, మన తేమ వాతావరణంలో బూజుతో పాటు ధాన్యపు సూక్ష్మపురుగులూ చేరతాయి. ఆ పురుగులే కొన్ని కుక్కలకు అలర్జీ కారకాలు. నెల రోజుల్లో అయిపోయే సంచి కొని, సంచితో సహా మూత గట్టిగా పడే డబ్బాలో ఉంచండి.

నాలుగో మెట్టు: మన వంటింట్లోని ప్రమాదాలు

అలర్జీ వేరు, విషం వేరు. విషం ప్రతి కుక్కకూ విషమే. ఉల్లి, వెల్లుల్లి ఎర్రరక్తకణాలను దెబ్బతీస్తాయి. ఉడికించినా వేయించినా పొడి చేసినా ఆ గుణం పోదు. శరీర బరువులో 0.5 శాతం ఉల్లి ఒకేసారి తిన్నా ప్రమాదం కనబడింది, అంటే పది కిలోల కుక్కకు 50 గ్రాములు. అది చిన్న ఉల్లిపాయ. లక్షణాలు కొన్ని రోజుల తరువాత బయటపడతాయి కాబట్టి "నిన్న సాంబారన్నం తిన్నది, ఏమీ కాలేదు" అన్న మాటకు విలువ లేదు.

ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలను పాడుచేస్తాయి. ఎంత తింటే అన్న సురక్షిత హద్దు లేదు. పాయసం, కేసరి చేసిన రోజున జాగ్రత్త. ఇందులో కారణం టార్టారిక్ ఆమ్లమని 2021లో అమెరికా పశువైద్యులు ప్రతిపాదించారు. ఆ ఆమ్లం దండిగా ఉండేది మన చింతపండులోనే. రసం, పులుసు, పులిహోర కుక్క గిన్నెలోకి వెళ్లకపోవడానికి ఉల్లితో పాటు ఇదొక కారణం. చాక్లెట్, కాఫీ డికాక్షన్, చక్కెర లేని చూయింగ్ గమ్‌లో ఉండే జైలిటాల్, పులిసే పచ్చి పిండి, మద్యం ఈ జాబితాలో మిగిలినవి. ఉడికిన ఎముకలు పదునుగా విరిగి పేగులను చీలుస్తాయి; బిర్యానీ ఎముకలు కుక్క పాలు అన్న అలవాటును ఈ తరంతో మానేద్దాం. మనుషులకు వాడే ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ మాత్రలు కుక్కకు ఎప్పుడూ ఇవ్వకూడదు.

పాలు మరో సంగతి. చాలా పెద్ద కుక్కలకు పాలలోని లాక్టోజు అరగదు, విరేచనాలవుతాయి. అది అరుగుదల లోపమే తప్ప అలర్జీ కాదు. అలర్జీలో శరీరపు రక్షణవ్యవస్థ ఒక మాంసకృత్తును శత్రువుగా పొరబడుతుంది. ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, పెరుగులో లాక్టోజు కొంత తగ్గుతుంది గాని పాల మాంసకృత్తులు అలాగే ఉంటాయి. పాలు పడని కుక్కకు పెరుగు పడవచ్చు. పాలకు అలర్జీ ఉన్న కుక్కకు పెరుగూ పడదు.

ఐదో మెట్టు: దురద వస్తే ముందు ఏం చూడాలి

గోక్కునే కుక్కలన్నింటిలో ఆహారపు అలర్జీ ఉన్నవి తక్కువ. చెన్నైలో చలికాలం పేరుకే కాబట్టి ఏడాది పొడవునా పురుగులుంటాయి. వీపు కింది భాగం, తోక మొదలు దగ్గర గోకుడు, వెంట్రుకలు ఊడడం కనిపిస్తే ముందు ఫ్లీలను అనుమానించాలి; ఇవి వెంట్రుకల మధ్య గెంతుతూ రక్తం తాగే చిన్న పురుగులు. వాటి లాలాజలానికి అలర్జీ ఉన్న కుక్కకు కొద్దిపాటి కాట్లు చాలు. దువ్వెనతో దువ్వి, రాలిన నల్ల నలుసులను తడి తెల్ల కాగితం మీద వేయండి; ఎర్రగా కారితే అది ఫ్లీలు విసర్జించిన రక్తం. కుక్కకు ఒక్కదానికే మందు వేస్తే చాలదు, దాని పరుపు, ఇల్లు, ఇంట్లోని మిగిలిన జంతువులు అన్నీ చూడాలి. పిల్లి కూడా ఉన్న ఇంట్లో కుక్కల కోసం చేసిన పర్మెత్రిన్ మందు వాడకండి, అది పిల్లి ప్రాణం తీస్తుంది. పిడుదులను చెవుల లోపల, వేళ్ల మధ్య వెతకండి. అవి దురదతో ఆగవు, రక్తంలోకి జబ్బులను ఎక్కిస్తాయి.

తరువాతివి గజ్జి, బాక్టీరియా, ఈస్ట్ అనే శిలీంధ్రం. మడతల్లో తడి ఆరని ఈ నగరపు ఉక్కలో ఈస్ట్ ఎంత హాయిగా పెరుగుతుందో చెవి వాసన చూస్తే తెలుస్తుంది. చర్మం నుంచి చిన్న నమూనా తీసి సూక్ష్మదర్శినిలో చూడడం కొద్ది నిమిషాల పని. ఈ పరీక్ష చేయకుండా ఆహారం మార్చమనే సలహా ఎవరిచ్చినా ఆలోచించండి. వేపేరిలో 1903లో మొదలైన మద్రాసు పశువైద్య కళాశాలకు బోధనాసుపత్రి ఉంది, మొండి కేసులకు అదొక దారి. వెళ్లే ముందు పసుపు, వేపాకు ముద్ద పూయకండి. చర్మం అసలు రంగు డాక్టరుకు కనబడాలి.

ఇవన్నీ తోసిపుచ్చాక రెండు మిగులుతాయి. ఒకటి దుమ్ము పురుగులు, పుప్పొడి, బూజు వంటి పరిసరాల వల్ల వచ్చే అలర్జీ, దీన్నే అటోపీ అంటారు. ఇది ఎక్కువగా ఆరు నెలలు, మూడేళ్ల మధ్య మొదలవుతుంది, కొన్ని కుక్కల్లో ఋతువుతో హెచ్చుతగ్గులవుతుంది. ఖాళీ స్థలాల్లో ఏపుగా పెరిగే వయ్యారిభామ మొక్క దగ్గర తిప్పి తెచ్చాక పాదాలు ఎర్రబడితే రాసిపెట్టుకోండి. రెండోది ఆహారపు అలర్జీ. దీనికి ఋతువు లేదు. పాదాలు, చెవులు, చంకలు, గజ్జలు, మలద్వారం చుట్టూ దురద, మళ్లీ మళ్లీ వచ్చే చెవిపోటు, దానితో పాటు రోజుకు మూడు సార్లకు మించి మలవిసర్జన లేదా మెత్తటి మలం ఉంటే అనుమానం బలపడుతుంది. కంటికి చూసి ఈ రెండింటినీ వేరుచేయడం డాక్టరుకూ సాధ్యం కాదు. రక్తం, లాలాజలం, వెంట్రుకలు పంపితే ఆహారపు అలర్జీ చెబుతామనే పరీక్షలు నమ్మదగినవి కావు. ఆ డబ్బు తరువాతి మెట్టుకు దాచుకోండి.

ఆరో మెట్టు: ఎనిమిది వారాల పథ్యం

ఆహారపు అలర్జీని తేల్చేది ఒక్క పథ్యమే. అలర్జీ ఉన్న కుక్కల్లో అయిదు వారాలకు నూటికి ఎనభై, ఎనిమిది వారాలకు తొంభైకి పైగా కుదుటపడతాయి కాబట్టి ఎనిమిది వారాలు కనీసం. రెండు వారాలకు ఫలితం లేదని మానేసినవారు పథ్యం చేయనట్టే లెక్క.

పథ్యపు ఆహారం రెండు రకాలు. మొదటిది, కుక్క జన్మలో తినని ఒక మాంసం, ఒక దుంప లేదా ధాన్యం. గొర్రె, మేక, గొడ్డు మాంసాల మధ్యా, కోడి, బాతు మాంసాల మధ్యా పోలికలుంటాయి కాబట్టి కోడి తిన్న కుక్కకు బాతు నిజంగా కొత్తది కాకపోవచ్చు. పంది మాంసం, చిలగడదుంప; లేదా ఎప్పుడూ తినని చేప, బంగాళాదుంప వంటి జతలు వాడతారు. రెండోది హైడ్రోలైజ్డ్ ఆహారం: మాంసకృత్తులను రక్షణవ్యవస్థ గుర్తుపట్టలేనంత చిన్న ముక్కలుగా విడగొట్టి చేసినది, డాక్టరు చీటీ మీద దొరుకుతుంది, ఖరీదెక్కువ. బెల్లం వీధిలో ఏం తిన్నదో ఎవరికి తెలుసు? కరువాడు (ఎండుచేప) నుంచి కొత్తు పరోటా దాకా అన్నీ రుచి చూసే ఉంటుంది. అందుకే మేము రెండోదే ఎంచుకున్నాం. ఇంకా ఎదిగే పిల్లలకు కూడా ఇదే మేలు. దుకాణాల్లో మామూలుగా దొరికే ఒకే మాంసం ప్యాకెట్లను పథ్యానికి నమ్మకండి, లేబుల్ మీద లేని మాంసాల జాడలు వాటిలో కనబడినట్టు పరీక్షలు చూపాయి.

ఇక అసలు కష్టం ఆహారం కాదు, మనుషులు. మా మొదటి ప్రయత్నం మూడో వారంలో చెడింది. దురద తగ్గినట్టే తగ్గి మళ్లీ ఎందుకు పెరిగిందో నోటుపుస్తకం చెప్పలేకపోయింది, ఎందుకంటే అమ్మ భోజనం ముగించాక కంచంలో మిగిలిన పెరుగన్నం ముద్దను అందులో రాయలేదు. "ఒక్క ముద్దేగా, అడుగుతుంటే కడుపు తరుక్కుపోతుంది" అన్నది. నేను కోప్పడలేదు, అమ్మకు తెలిసిన మాటే చెప్పాను: "బాలింతకు పథ్యం పెట్టినప్పుడు ఒక్క ముద్దే కదా అని ఆవకాయ పెట్టేదానివా?" ఆ రోజు నుంచి ఇంట్లో అందరికన్నా కట్టుదిట్టంగా కాపలా కాసింది అమ్మే. మీరు కూడా వారం ముందే ఇంటిల్లిపాదికీ, పనిమనిషికీ, వాచ్‌మన్‌కూ, లిఫ్టులో కనిపించే మామికీ చెప్పండి. మెడపట్టీకి "ఏమీ పెట్టకండి" అని తమిళంలో రాసిన చీటీ కడితే సిగ్గుపడవలసిందేమీ లేదు. చేతులు ఊరికే ఉండలేని పెద్దలకు ఆ రోజు గుళికల్లోంచే పది తీసి ఇవ్వండి, అవే చిరుతిళ్లు.

మనుషులు కాని దారులూ ఉన్నాయి. ఫ్లీలకూ పిడుదులకూ నమిలించే మాత్రల్లో, నులిపురుగుల మాత్రల్లో, కుక్కల టూత్‌పేస్టులో మాంసపు రుచి కలుపుతారు. వాటి బదులు మెడ వెనక చర్మం మీద వేసే మందు అడగండి. మాత్రను వెన్నలోనో జున్నులోనో చుట్టి మింగించకండి. ఇంట్లో రెండో కుక్క ఉంటే దానికి వేరే గదిలో పెట్టండి. కాకులకు పెట్టిన అన్నం ఉన్న డాబా మీదకు ఈ రెండు నెలలు తీసుకెళ్లకండి. దురద భరించలేనంతగా ఉంటే మొదటి వారాల్లో డాక్టరు మందు ఇవ్వవచ్చు, కానీ ఆ మందు ఆపిన తరువాత కూడా దురద లేకుండా ఉంటేనే పథ్యం పనిచేసినట్టు. సొంతంగా స్టెరాయిడ్ మాత్రలు కొని వేస్తే దురదతో పాటు ఆధారమూ మాయమవుతుంది.

ఏడో మెట్టు: తిరిగి పెట్టి చూడడం

దురద తగ్గగానే చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. తగ్గింది పథ్యం వల్లనా, వాన తగ్గి ఈస్ట్ తగ్గడం వల్లనా తెలియాలంటే పాత ఆహారాన్ని తిరిగి పెట్టాలి. అలర్జీ అయితే సాధారణంగా 14 రోజుల్లోపు దురద తిరిగి వస్తుంది, కొన్నిసార్లు మొదటి రోజునే. వచ్చిన వెంటనే పథ్యానికి మళ్లి, కుదుటపడ్డాక ఒక్కొక్క పదార్థాన్ని విడివిడిగా, ఒక్కొక్కటి రెండు వారాల చొప్పున కలిపి చూడాలి. ఏ వరుసలో? 2016లో వెలువడిన ఒక సమీక్షలో 297 అలర్జీ కుక్కల్లో గొడ్డు మాంసం 34 శాతానికి, పాల పదార్థాలు 17 శాతానికి, కోడి 15 శాతానికి, గోధుమ 13 శాతానికి కారణమని తేలింది. అవి ఎక్కువగా పాశ్చాత్య దేశాల కుక్కలు. మీ కుక్క ఎక్కువగా తిన్నవాటి నుంచే మీ వరుస మొదలుపెట్టండి.

మేము ఉడికించిన కోడిమాంసంతో మొదలుపెట్టాం. రెండు వారాలు ఏమీ కాలేదు. గుడ్డు, అన్నం, గోధుమ రొట్టె కూడా దాటాయి. పెరుగు పెట్టిన నాలుగో రోజున బెల్లం తెల్లవారకముందే పాదాలు నాక్కుంటూ కూర్చుంది.

ఆ తరువాత

తేలిన పదార్థాన్ని జీవితాంతం మానాలి. కొంచెం కొంచెంగా అలవాటు చేస్తే పోతుందన్నది ఆహారపు అలర్జీ విషయంలో నిజం కాదు. పథ్యం సరిగ్గా చేసినా దురద తగ్గకపోతే, లేదా సగమే తగ్గితే, అటోపీ ఉందని భావించి డాక్టరు ఆ దారిలో వైద్యం చేస్తారు. రెండూ కలిసి ఉన్న కుక్కలు కూడా ఉంటాయి.

తిన్న కొద్ది నిమిషాల్లో ముఖం, పెదవులు ఉబ్బడం, ఒళ్లంతా దద్దుర్లు, వాంతులతో కూలబడడం, ఊపిరి కష్టం కావడం కనిపిస్తే ఏ మెట్లూ వద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. రాత్రి తెరిచి ఉండే వెటర్నరీ క్లినిక్ మీ ఇంటికి దగ్గరలో ఏదో ఈ రోజే తెలుసుకుని నంబరు గోడ మీద రాసుకోండి. విషం తిన్నదని అనుమానం వస్తే ఉప్పునీళ్లు పట్టించి కక్కించే ప్రయత్నం చేయవద్దు; ఏం తిన్నది, ఎంత, ఎన్ని గంటలకు అన్నవి చెప్పి, ప్యాకెట్ చేత్తో పట్టుకుని వెళ్లండి.

కంపెనీలు ఒకే పేరు మీద లోపలి దినుసులను మారుస్తుంటాయి. కాబట్టి కొత్త సంచి తెచ్చిన ప్రతిసారీ, కత్తెర పెట్టే ముందు, పాత సంచి లేబుల్‌ను పక్కన పెట్టుకుని రెండూ చదవండి. మా ఇంట్లో ఆ పని అమ్మది. ఆంగ్ల అక్షరాలు కూడబలుక్కుని "మిల్క్" అన్న మాట కోసం వెతికి, లేదని తేల్చుకున్నాకే డబ్బా మూత తీస్తుంది.